మెషీన్‌బాయి

ఆ పెట్టె వెనక ఒక మనిషి కూర్చుని ఉందన్న సంగతి ఆసుపత్రి మొత్తం మీద ఏ నలుగురికో తెలుసు. వాళ్ళలో ఒకరు ఊడ్చే మంగల్ మావశి. చీపుళ్ళు ఆ గదిలోనే ఉంటాయి కాబట్టి ఆమెకు చెప్పక తప్పలేదు. మిగతా జనానికి అది మాట్లాడే మెషీన్. నిలువెత్తు ప్లైవుడ్ పెట్టె, లేత ఆకుపచ్చ రంగు, నోటి దగ్గర చిల్లుల పలక, నడుము దగ్గర చీటీ వచ్చే సందు. పుణే పాత పేటల మధ్య ఉన్న ఆ ధర్మాసుపత్రిలోకి అడుగుపెట్టగానే ఎదురుగా కనిపించేది. గోడకు ఆనించి పెట్టారు. గోడకు అవతల చీపుళ్ళ గది, ఆ గదిలో ప్లాస్టిక్ కుర్చీ, ఆ కుర్చీలో చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు మైకు పెట్టుకుని శాల్మలి కానిట్కర్. నలభైకి ఏడాది తక్కువ. పొద్దున తొమ్మిదికి లోపలికి వెళ్తే సాయంత్రం దాకా ఆమె మెషీనే.

ఈ డిజైన్ కంపెనీల వాళ్ళ పద్ధతే అంత. వస్తువు తయారుచేసి జనం చేతిలో పెట్టరు. ముందు అట్టముక్కలతో ఒక దొంగ వస్తువు చేస్తారు. జనం దాన్ని వాడబోయి ఎక్కడ తడబడుతున్నారో పక్కన నిలబడి చూస్తారు. చూసి, చించి పారేసి, ఇంకోటి చేస్తారు. మళ్ళీ చూస్తారు, మళ్ళీ చించుతారు. చించగా చించగా ఎప్పటికో అసలుది పుడుతుంది. బయటివాళ్ళకు ఇది పని లేనివాళ్ళ పనిలాగే కనిపిస్తుంది గానీ, వాళ్ళు పొట్టపోసుకునేది దాంతోనే.

శాల్మలి పనిచేసే 'రేఘ్' కంపెనీకి ఈ ఆసుపత్రి ట్రస్టు వాళ్ళు అప్పజెప్పిన చిక్కు చిన్నదే. చదువు రానివాళ్ళు చెవినొప్పితో వచ్చి కళ్ళ డాక్టరు వరసలో నిలబడుతున్నారు. మధ్యాహ్నానికి గాని తప్పు వరస అని తెలియదు. తెలిసేసరికి అసలు డాక్టరు వెళ్ళిపోతాడు. ఒక రోజు కూలీ గంగపాలు. ఎవరు ఎటు వెళ్ళాలో చెప్పేది ఏదైనా చేసి పెట్టండన్నారు.

మొదట బొమ్మల పెట్టె చేశారు. కన్ను, చెవి, పన్ను, పొట్ట, గుండె. నొక్కితే సందులోంచి గది నంబరు చీటీ వస్తుంది. వస్తుందంటే, వెనక నుంచి శాల్మలి తోస్తుంది. ఆ బొమ్మలతో అయిన భాగోతం అంతా ఇంతా కాదు. పొట్ట బొమ్మను చూసి పల్లెటూరి వాళ్ళు మంచినీళ్ళ కుండ అనుకుని చుట్టూ గ్లాసు కోసం వెతికారు. కాలేజీ కుర్రాళ్ళు గుండెను నొక్కి ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ పారిపోయారు. కానీ అందరూ కలిసికట్టుగా చేసిన పొరపాటు ఒకటుంది. చెవి బొమ్మను ఎవరూ నొక్కలేదు. వంగి, దాని దగ్గర నోరు పెట్టి, తమ బాధ చెప్పుకున్నారు. మోకాలి నొప్పి వాళ్ళు, దగ్గు వాళ్ళు, అందరూ ఆ చెవిలోనే.

కంపెనీ యజమాని అనిరుద్ధ దాతే అది చూసి ఎగిరి గంతేశాడు.

"చూశారా? వాళ్ళే చెప్పేశారు మనకేం చెయ్యాలో! వాళ్ళకి నొక్కేది వద్దర్రా, వినేది కావాలి!"

"దాదా, వినే మెషీన్ చెయ్యాలంటే అయిదారు నెలలు పడుతుంది," అన్నాడు కైవల్య. పెట్టెలు కోసి అతికించేది అతనే, పాతికేళ్ళ కుర్రాడు.

"మెషీన్ తర్వాత. ముందు జనం దాంతో ఎలా మాట్లాడతారో చూడాలి. లోపల మనిషిని కూర్చోబెట్టు."

ఎవరిని అన్న ప్రశ్న రాలేదు. ఆఫీసులో అందరికీ ఇంటికి తొందరగా వెళ్ళాల్సిన పని ఏదో ఒకటి ఉండేది. శాల్మలికి లేదు. వాళ్ళమ్మ పోయి రెండేళ్ళయింది. కర్వే నగర్‌లో ఆ రెండు గదుల ఇంట్లో శనివారం సాయంత్రం తలుపు వేసుకుంటే సోమవారం పొద్దున దాకా ఆమెతో పలికే ప్రాణి లేదు. పాలవాడు సంచీ తగిలించి పోతాడు. అన్నం వండుకుంటుంది, తింటుంది, గిన్నె కడుగుతుంది. ఎవరినైనా పిలవచ్చు కదా అంటే, ఎవరిని? స్నేహితురాళ్ళందరికీ పిల్లల పరీక్షలు, అత్తగారి మోకాళ్ళు. సోమవారం పొద్దున మొదటి మాటకు గొంతు జీరపోయి వచ్చేది. హెడ్‌ఫోన్లలో అది విని కైవల్య, "తాయి, మెషీన్‌కి జలుబు చేసింది," అని ఎగతాళి చేసేవాడు. ఆమె నవ్వేది. రెండు రోజులుగా నోరు తెరవలేదని చెప్పడానికి సిగ్గు.

మెషీన్ ఏమేం మాట్లాడవచ్చో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించారు. దాన్ని దాటడానికి వీల్లేదు. శాల్మలి మైకులో పలికితే కంప్యూటరు ఆ గొంతులోని తడిని తీసేసి రేకు చప్పుడు చేసి బయటికి పంపేది. పెట్టెకున్న చిన్న కన్నంలోని కెమెరాలోంచి ఎదుటి మనిషి ముఖం ఆమెకు తెర మీద కనిపించేది. ప్రతి మాటా రికార్డయ్యేది. సాయంత్రం ఆఫీసులో అవి విని, మర్నాటికి కాగితం మార్చేవారు. మొదట మర్యాదగా, రేడియో వార్తల మరాఠీలో మాట్లాడించారు. జనం రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్తారేమోనని నిలబడి విని వెళ్ళిపోయారు. రెండోసారి 'చెప్పండి' అని ఒక్క ముక్క పెట్టారు. ఎవరికి చెప్తోందో తెలియక వెనక్కి తిరిగి చూసుకున్నారు. మూడోసారి కాకా, తాయి, ఆజీ అని, అంటే బాబాయి, అక్క, అవ్వ అని వరసలు కలిపి పిలిచారు. అప్పుడు కుదిరింది. పిలిచిన మరుక్షణం ముసలమ్మలు పెట్టె మీద చెయ్యేసి మరీ మాట్లాడారు.

"ఆజీ, మీ ఇబ్బంది ఏమిటో చెప్పండి."

"ఇబ్బంది ఒకటా తల్లీ! పళ్ళు లేవు, కోడలికి మాత్రం నోరు నిండా ఉన్నాయి."

"పళ్ళ డాక్టరు, ఏడో గది. కుడివైపు వెళ్ళండి."

"మరి కోడలికి ఏ గది?"

చీపుళ్ళ గదిలో శాల్మలి చున్నీ కొంగు నోట్లో కుక్కుకునేది.

నివృత్తి వాఘ్‌మారే మొదటిసారి వచ్చింది అలాంటి రోజుల్లోనే. కార్తీకం దాటి పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తాడాయన. యాభై అయిదు ఉంటాయి. జరీ తాళ్ళున్న ఎర్రకోటు చేతి మీద, నల్లటి పొడుగు పెట్టె చంకలో. మధ్యాహ్నం ఒంటిగంటకు రోగుల వరసలన్నీ ఖాళీ అయ్యాక వచ్చి మెషీన్ ముందు నిలబడ్డాడు.

"కాకా, మీ ఇబ్బంది ఏమిటో చెప్పండి."

"నాకేం లేదు. ఊరికే నిలబడ్డా."

కాగితంలో దానికి జవాబు లేదు. ఉన్నదాంట్లో దగ్గరగా ఉన్నది చదివింది శాల్మలి. "నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

"ఎవరికీ అర్థం కాలేదులే బాయి. నీకేం అర్థమవుతుంది?" అని ఆయన పకపకా నవ్వాడు. "మా ఆవిడ మూడో అంతస్తులో ఉంది. పక్షవాతం. అన్నం తినిపించి దిగా. నాలుగింటికి వరాత్‌కి, పెళ్ళి ఊరేగింపులో వాయించడానికి వెళ్ళాలి. ఈలోగా ఎక్కడ నిలబడ్డా 'పక్కకి జరుగు' అంటున్నారు. ఈ భవనంలో నన్ను చెప్పమన్నది నువ్వొక్కదానివే, మెషీన్‌బాయి."

ఆ రోజు నుంచి ఆ పేరు ఖాయమైంది. రోజూ ఒంటిగంటకు వచ్చేవాడు. పెట్టె పక్కనున్న బల్ల మీద ఎర్రకోటు మడిచి పెట్టి, గోడకు ఆనుకుని, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. నిన్నటి పెళ్ళికొడుకు గుర్రం మీంచి జారబోతే బ్యాండు మేస్త్రీ పట్టుకున్నాడనీ, ఈ కాలం కుర్రాళ్ళు అడిగే పాటలు క్లారినెట్‌లో వాయిస్తే మేకపిల్ల అరిచినట్టు ఉంటాయనీ. భార్య సుగంధ మాట పడిపోయి మూడు నెలలయింది. ఆమెకు తిండి తినిపిస్తూ ఆయన ఒక్కడే మాట్లాడతాడు. మిగిలిపోయిన మాటలు కిందికి వచ్చి పెట్టెకు చెప్పేవాడు.

శాల్మలి మొదట్లో కాగితం దాటలేదు. 'చెప్పండి', 'మళ్ళీ చెప్పండి', 'నాకు అర్థం కాలేదు'. ఆయనకు అవే చాలు. మెల్లగా ఒక 'ఊఁ' చేరింది. తర్వాత 'అయ్యో'. సాయంత్రం రికార్డింగు విని కైవల్య కళ్ళెగరేశాడు.

"తాయి, మెషీన్ 'అయ్యో' అంటోందేంటి?"

"నోరు జారింది."

దాతే మాత్రం బల్ల చరిచాడు. "ఉంచెయ్! మనిషి మళ్ళీ మళ్ళీ వస్తున్నాడు. అయ్యో చేర్చు కాగితంలో."

వీళ్ళకు అన్నీ పనికొచ్చేవే, మనిషి నిట్టూర్పుతో సహా! శాల్మలికి ఆ క్షణం ఒళ్ళు మండింది. తనకు ఒంటిగంట అంటే ఏమిటో వీళ్ళకు తెలియదు. పొద్దున్నే తల దువ్వుకుంటూ ఒంటిగంట గురించే ఆలోచిస్తుంది. అన్నం డబ్బా పన్నెండున్నరకే ముగించేస్తుంది, ఆయన వచ్చినప్పుడు నోట్లో ముద్ద ఉండకూడదని.

ఒకరోజు ఆయన కోటు లేకుండా, క్లారినెట్ లేకుండా వచ్చాడు. హాలంతా ఖాళీ.

"బాయి, ఉన్నావా?"

"ఉన్నాను, కాకా." అది కాగితంలో లేదు.

"ఇవాళ దానికి అన్నం పెడుతున్నా. మూతి పక్కనుంచి కారిపోతోంది. తుడుస్తున్నా, మళ్ళీ కారుతోంది. తుడుస్తుంటే నా మనసులో ఒక మాట మెదిలింది. మా అన్నకి చెప్తే చెప్పుతో కొడతాడు. దేవుడి దగ్గర కూడా అనలేదు, వింటాడేమోనని భయం. నీకైతే ఫర్వాలేదు. నువ్వు మనిషివి కాదుగా."

శాల్మలి వేలు దానంతట అదే కదిలి రికార్డింగు ఆపేసింది. ఎందుకు ఆపిందో అప్పుడు ఆలోచించలేదు.

"ఇది పోతే బాగుండు అనిపించింది, బాయి." ఆయన గొంతు దిగిపోయింది. "దాని బాధ చూడలేక అనుకుంటే అదొక దారి. అలా కాదు. నాకు నిద్ర కావాలి. మూడు నెలలయింది తిన్నగా పడుకుని. నా నిద్ర కోసం అది పోవాలనుకున్నా. ముప్పై ఏళ్ళు నాకు వండిపెట్టిన మనిషిని."

తెర మీద ఆయన ముఖం చిల్లుల పలకకు మరీ దగ్గరగా ఉండి నుదురు ఒక్కటే కనిపిస్తోంది. శాల్మలి హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకుంది. ఇదే మాట, అచ్చంగా ఇదే, తను కూడా అనుకుంది. అమ్మ మంచం పక్కన, తెల్లవారుతుండగా, దుప్పటి మార్చుతూ. ఆ మాట ఈ భూమ్మీద తనకొక్కదానికే వచ్చిందనుకుని రెండేళ్ళుగా మోస్తోంది. గోడకు అవతల ఉన్న మనిషికి చెప్పాలని నోరు తెరిచింది. రేకు గొంతుతో ఎలా చెప్తుంది?

"వింటున్నాను, కాకా," అంది. అంతే.

ఆయన చాలాసేపు ఏడ్చాడు. తర్వాత చొక్కా చేతితో ముక్కు తుడుచుకుని, "తేలికైంది. రేపొస్తా," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు మామూలుగానే వచ్చి, వెళ్ళబోతూ ఆగి అడిగాడు. "ఔను బాయి, రోజంతా ఒక్కదానివే ఆ డబ్బాలో ఉంటావు కదా. విసుగు రాదా?"

"అలవాటైపోయింది, కాకా."

"నాకూ అంతే," అని నవ్వుతూ పెట్టెను తట్టి వెళ్ళాడాయన. ఆ తట్టింది శాల్మలికి వీపు మీద తగిలినట్టే అనిపించింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎవరూ చూడకుండా నవ్వుకుంది. ఎన్నాళ్ళయిందో ఒకరు తనను ఎలా ఉన్నావని అడిగి!

పెళ్ళిళ్ళ జోరు తగ్గేసరికి పెట్టెతో చేసే పరీక్షలు కూడా ముగిశాయి. ట్రస్టు వాళ్ళకు నచ్చింది. అసలు మెషీన్ చేయడానికి ఒప్పుకున్నారు. ఇక మిగిలింది 'తెర తీయడం'. అది వీళ్ళ వృత్తిలో ఒక ఆచారం. లోపల మనిషిని దాచి పరీక్ష చేస్తే, ఆఖర్న ఆ మనిషి బయటికి వచ్చి, అది మెషీన్ కాదు నేనే అని చెప్పి, క్షమించమని అడిగి, చేతిలో ఒక పేడా మిఠాయి డబ్బా పెట్టాలి.

"నివృత్తి కాకాకి చెప్పక్కర్లేదులే, తాయి," అన్నాడు కైవల్య. "ఆయన రోగి కాదు, మన పరీక్ష జాబితాలో లేడు. ఊరికే వచ్చి కబుర్లు చెప్పాడు. పెట్టె ఎత్తేస్తాం, అయిపోతుంది. వదిలెయ్."

"ఆచారం ఆచారమే," అంది శాల్మలి.

ఆచారమూ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే: తను ఉన్నానని ఆయనకు తెలియాలి. ఈ ఊళ్ళో ఒక్క మనిషికైనా తెలియాలి. రోజూ ఒంటిగంటకు తనతో మాట్లాడే మనిషి తన ముఖం చూడాలి. పెట్టె ఎత్తేస్తే మెషీన్‌బాయితో పాటు తనూ పోతుంది. మళ్ళీ శనివారం సాయంత్రం తలుపు, సోమవారం జీర గొంతు. అందుకని ఆ క్షణాన్ని వెయ్యి రకాలుగా ఊహించుకుంది. ఆయన నోరు తెరిచి, 'అరె! నువ్వా, బాయి!' అని పకపకా నవ్వుతాడు. ఇద్దరూ గేటు దగ్గర చాయ్ తాగుతారు. తర్వాత మూడో అంతస్తుకు వెళ్ళి సుగంధ కాకూని చూస్తుంది. ఆయన ఆ రోజు చెప్పిన మాటకు తన దగ్గర ఉన్న జవాబు చెప్తుంది. మీరొక్కరే కాదు కాకా, నేను కూడా, అని.

తెర తీసే రోజు పొద్దున లేచి రవ్వకేసరి లాంటి శిరా చేసింది. నమలక్కర్లేకుండా మెత్తగా, సుగంధ కాకూ మింగగలిగేలా, పాలు ఎక్కువ పోసి. అమ్మ కోసం చేసినట్టే. స్టీలు డబ్బాలో పెట్టి తువ్వాలు చుట్టింది.

పొద్దుటి జనంతో అంతా సందడే. చీపుళ్ళ గదిలోంచి ఆమె బయటికి రాగానే ముక్కున వేలేసుకున్నవాళ్ళు కొందరు, చప్పట్లు కొట్టినవాళ్ళు కొందరు. పళ్ళు లేని ఆజీ అయితే ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఓసి నీ అసాధ్యం కూలా! నా మూలశంక కథంతా విని లోపల కూర్చుని నవ్వుకున్నావా?"

"లేదు ఆజీ, ఒట్టు!"

"నవ్వే ఉంటావు. పేడాలు ఇంకో రెండు పెట్టు."

ఒంటిగంటకు నివృత్తి వచ్చాడు. శాల్మలి కైవల్యను పంపేసింది. ఆయన బల్ల మీద కోటు పెట్టి, "ఏం బాయి?" అనేలోపే పక్క తలుపు తీసుకుని, చేతుల్లో శిరా డబ్బాతో ఎదురుగా వచ్చి నిలబడింది.

"కాకా, నేనే. మెషీన్‌బాయిని నేనే. నా పేరు శాల్మలి."

ఆయన నవ్వుతూనే చూశాడు. అర్థం కాలేదు. పెట్టె వైపు చూశాడు, తెరిచి ఉన్న చీపుళ్ళ గది చూశాడు. కుర్చీ, మైకు. మళ్ళీ ఆమె ముఖం చూశాడు. ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది గానీ దాని వెనక ఏమీ మిగల్లేదు.

"మొదటి రోజు నుంచీ?"

"మొదటి రోజు నుంచీ, కాకా. లోపల నేనే ఉన్నా."

"అన్నీ విన్నారా?"

విన్నారా. అందాకా నువ్వు అన్న మనిషి.

"కాకా, ఆ రోజు మాట ఎవరూ వినలేదు. నేను రికార్డింగు ఆపేశాను. నేనొక్కదాన్నే విన్నా. ఇంకెవరికీ తెలియదు."

"అదే మరి," అన్నాడాయన. ఆయన ముఖం చిన్నబోయింది, దొంగతనం చేస్తూ దొరికిన పిల్లవాడి ముఖంలా. "నలుగురు విని ఉంటే నవ్వుకుని మర్చిపోయేవాళ్ళు. ఒక్కరే విన్నారంటే గుర్తుపెట్టుకుంటారు."

"కాకా, నేను కూడా మా అమ్మ విషయంలో..."

"వద్దు మేడం." ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకు చెప్పకండి. నాకది తెలిస్తే రేపు మీరు కనిపించినప్పుడు నాకదే గుర్తొస్తుంది. నన్ను చూసినప్పుడు మీకు నాది గుర్తొస్తుంది. మనిషి ఉందని తెలిస్తే చెప్పేవాణ్ణా? తలుపు వెనక మనిషి ఉందని తెలిస్తే ఎవడైనా బట్టలు విప్పుతాడా?"

"తప్పయిపోయింది, కాకా."

"మీ తప్పేముంది, మీ ఉద్యోగం." కోటు తీసుకున్నాడు. క్లారినెట్ పెట్టె చంకలో పెట్టుకున్నాడు.

"కాకూ కోసం శిరా తెచ్చాను."

ఆ మాటకు ఆయన గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. "దానికి తీపి పడదు, మేడం," అని తల దించుకుని వెళ్ళిపోయాడు.

శిరా మంగల్ మావశి తిన్నది. బాగుందంది.

ఆ తర్వాత నివృత్తి హాలులోంచి రావడం మానేశాడు. వెనక మెట్ల మీదుగా వార్డుకు వెళ్తున్నాడని మావశి చెప్పింది. శాల్మలికి ఆసుపత్రిలో పని లేదు. అయినా రెండుమూడుసార్లు ఏదో వంక పెట్టుకుని వెళ్ళి, ఖాళీ బల్ల చూసి వచ్చింది. ఒక సాయంత్రం లక్ష్మీ రోడ్డులో పెళ్ళి ఊరేగింపు ఎదురైంది. ఎర్రకోట్ల మధ్య ఆయన. ఫుట్‌పాత్ అంచున నిలబడి చెయ్యి ఊపింది. ఆయన చూశాడు, చూసినట్టే ఉంది. క్లారినెట్ నోట్లో ఉన్నవాడు ఎలా పలకరిస్తాడు, రెండు చేతులూ దాని మీదే ఉంటే ఎలా ఊపుతాడు అని ఇంటిదాకా తనకు తనే సర్దిచెప్పుకుంది.

కంపెనీలో పని నడిచిపోయింది. ఒక స్టూడియోలో కూర్చోబెట్టి శాల్మలి చేతనే మాటలన్నీ చదివించారు, అసలు మెషీన్‌కు ఆమె గొంతే బాగుంటుందని. ఈసారి రేకు చప్పుడు కలపలేదు. 'చెప్పండి కాకా', 'అయ్యో', 'వింటున్నాను'. ఒక్కో మాటను పదిసార్లు పలికించారు. ఇంకొంచెం ఆప్యాయంగా, తాయి, అన్నాడు రికార్డింగు చేసే కుర్రాడు అద్దం అవతల నుంచి. పలికింది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఇనుప మెషీన్ వచ్చింది. జనం దాన్ని ఎలా వాడుతున్నారో వారం పాటు గమనించి రమ్మని దాతే ఆమెనే పంపాడు. హాలులో స్తంభం పక్కన నిలబడింది. రెండో రోజో మూడో రోజో, మధ్యాహ్నం జనం పలచబడ్డాక, వెనక మెట్ల వైపు నుంచి నివృత్తి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. చేతిలో అన్నం డబ్బా ఉంది. అంటే సుగంధ ఇంకా పైనే ఉంది.

ఆమె పలకరించబోయి ఆగింది. ఆయన ఆమెను చూడలేదు. మెషీన్ దగ్గరికి వెళ్ళలేదు. ముందు చీపుళ్ళ గది తలుపు తీశాడు. తల లోపలికి పెట్టి చూశాడు. చీపుళ్ళు కదిపి వాటి వెనక కూడా చూశాడు. తలుపు వేసి, మెషీన్ చుట్టూ ఒకసారి తిరిగి, ఇనుప రేకును వేళ్ళతో కొట్టి చూశాడు. అప్పుడు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"చెప్పండి కాకా," అంది మెషీన్, శాల్మలి గొంతుతో.

ఆయన నోరు తెరవబోయి ఎందుకో పక్కకు చూశాడు. స్తంభం దగ్గర ఆమె కనిపించింది.

"మేడం, లోపల ఎవరూ లేరు కదా?" అని అక్కణ్ణుంచే అడిగాడు.

"లేరు, కాకా."

"ఎక్కణ్ణుంచీ ఎవరూ వినట్లేదుగా?"

"లేదు. ఉత్త మెషీన్. గొంతు ఒక్కటే నాది."

"గొంతుదేముంది," అన్నాడాయన. "ఒట్టేనా?"

"ఒట్టు, కాకా."

ఆయన తల ఊపాడు. కోపం లేదు ఆ ముఖంలో. బతిమాలుతున్నట్టుగా ఉంది, అదే ఆమె తట్టుకోలేకపోయింది.

"అయితే మీరు కాస్త అవతలికి వెళ్తారా? నాకు మాట్లాడాల్సింది ఉంది."

శాల్మలి స్తంభం దగ్గర్నుంచి కదిలి ఇవతలి గోడ దాకా వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఇంకా ఆమెనే చూస్తున్నాడు. "ఇంకొంచెం, మేడం," అన్నాడు. గుమ్మం దాటింది. ఎండలోకి వచ్చింది. గేటు దగ్గర ఆగి చూసింది. అంత దూరం నుంచి కూడా ఆయన చెయ్యెత్తి, ఇంకా, ఇంకా అన్నట్టు సైగ చేశాడు. ఆమె గేటు దాటి, రోడ్డు దాటి, అవతలి వైపు నిలబడింది. అక్కణ్ణుంచి ఏమీ వినిపించదు. అప్పుడు ఆయన అటు తిరిగి, మెషీన్‌కు నుదురు ఆనించి, చెప్పడం మొదలుపెట్టాడు.